అడుగున స్టిక్కరు చూశాకే: ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్ల పట్టిక డైరీ

1వ రోజు, శనివారం

ఖమ్మం నుంచి బాబాయి ఫోన్. "ఒరేయ్, ఆ ఫర్మ్‌వేర్ ఏదో వేస్తానంటావుగా, దానికి ఏ రౌటర్ కొనాలో ఒక్క పేరు చెప్పు చాలు. షాపుకెళ్లి తెచ్చేస్తా."

ఆ ఒక్క పేరే చెప్పలేకపోయాను. ఆరేళ్లుగా ఇంట్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్‌లో కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్, అంటే లోపలి సాఫ్ట్‌వేర్, తీసేసి దాని బదులు వేసుకునే ఉచిత లినక్స్ ఫర్మ్‌వేర్) వాడుతున్నా, దొరికిన వాళ్లందరికీ దాని గొప్పలు చెబుతున్నా, తీరా ఏది కొనాలంటే నసిగాను. ప్రాజెక్టు వాళ్ల హార్డ్‌వేర్ పట్టిక ఉంది, కానీ అది ప్రపంచమంతటికీ కలిపి వేసింది. అందులో సగం మన దగ్గర అమ్మరు. అమ్మేవాటిలో సగం ఇప్పటికే పాతబడిపోయాయి. అందుకని మనకు దొరికేవి, నేను చేత్తో విప్పి చూసినవి మాత్రమే ఉండే చిన్న పట్టిక తెలుగులో రాద్దామని కూర్చున్నాను. పది మోడళ్లు, రెండు వారాంతాలు చాలనుకున్నా. పది అన్నప్పుడే ఎవరైనా ఆపాల్సింది.

మొదటి గంటలోనే అర్థమైన సంగతి ఒకటుంది. మోడల్ పేరుతో పట్టిక వేయడం అంటే ఇంటిపేరు చెప్పి మనిషిని వెతకమన్నట్టే. ఇది కొత్త జబ్బేమీ కాదు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టిన రౌటర్‌కే ఉంది. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ 2002 చివర్లో వచ్చింది. లోపల నడిచేది లినక్స్ కాబట్టి జీపీఎల్ లైసెన్సు ప్రకారం సోర్స్ కోడ్ బయటపెట్టాల్సి వచ్చింది, ఆ కోడ్ మీదే 2004లో ఈ ప్రాజెక్టు మొదలైంది. పేరులోని డబ్ల్యూఆర్‌టీ అక్కడిదే. అదే రౌటర్ 2005లో 5వ వర్షన్‌కి వచ్చేసరికి లోపల లినక్స్ పోయి వీఎక్స్‌వర్క్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది. ఫ్లాష్ 4 ఎంబీ నుంచి 2కి, ర్యామ్ 16 నుంచి 8కి దిగాయి. పెట్టె మీద పేరు మాత్రం అదే. లినక్స్ కావాలన్న వాళ్ల కోసం చివర ఎల్ అక్షరం తగిలించి డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ అని వేరేగా అమ్మారు.

అందుకే పట్టికలో మొదటి గడి మోడల్ పేరుకి కాదు, వర్షన్‌కి.

2వ రోజు, ఆదివారం

ఇవాళంతా గీత ఎక్కడ గీయాలన్న దాని మీదే పోయింది. 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్. అంతకన్నా తక్కువ ఉన్నది సిఫార్సు పట్టికలోకి రాదు. చెప్పడం తేలికే, ఎందుకో రాయడానికి మాత్రం నాలుగు పేరాలు పట్టాయి.

ఫ్లాష్ అంటే ఫర్మ్‌వేర్ కూర్చునే చోటు. సిస్టమ్ అంతా నొక్కి కుదించి, చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేని ఒక భాగంలో ఉంటుంది. మనం పెట్టే సెట్టింగులు, వేసుకునే ప్యాకేజీలు మిగిలిన జాగాలోకి వెళతాయి. 8 ఎంబీ ఉన్నదాంట్లో కెర్నల్ (లినక్స్ గుండెకాయ), సెట్టింగుల వెబ్ పేజీ ఎక్కాక మిగిలేది బహు కొద్ది. ప్రకటనలు ఆపే యాడ్‌బ్లాక్ వేద్దామంటే జాగా లేదంటుంది. పైగా వర్షన్ మారినకొద్దీ కెర్నల్ ఒళ్లు చేస్తోంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07లో కెర్నల్ 4.14 ఉంటే, 24.10కి కెర్నల్ 6.6 వచ్చింది. ఇవాళ సరిగ్గా పట్టిన చొక్కా వచ్చే ఏడాదికి బొత్తాలు పెట్టనివ్వదు.

ర్యామ్ సంగతి చాలామందికి తట్టదు. "నా ఇంట్లో నాలుగు ఫోన్లే కదా, 64 చాలదా?" అంటారు. రోజూ నడవడానికి చాలొచ్చు. చిక్కు అప్‌గ్రేడ్ చేసేటప్పుడు వస్తుంది. కొత్త ఇమేజీ ముందు ర్యామ్‌లోకే దిగుతుంది, అక్కడ సరిచూసుకున్నాక ఫ్లాష్ మీదకి ఎక్కుతుంది. ప్యాకేజీల జాబితా దించుకున్నా అదీ ర్యామ్‌లోకే. అంటే ఇరుకు ర్యామ్ ఉన్న రౌటర్ ఏడాదంతా బాగానే ఉండి, సెక్యూరిటీ అప్‌డేట్ చేయాల్సిన రోజున మొరాయిస్తుంది. మన బాబాయి లాంటి వాళ్ల ఇంట్లో ఉండకూడనిది సరిగ్గా అదే.

4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ వాటికైతే 19.07 సిరీస్‌తోనే అధికారిక ఇమేజీలు ఆగిపోయాయి. ఆ సిరీస్‌లో ఆఖరిది 19.07.10, 2022 ఏప్రిల్‌లో వచ్చింది.

ఇక్కడ టీపీ-లింక్ డబ్ల్యూఆర్841ఎన్ గురించి విడిగా రాయాలి. మన వీధుల్లో ఇది లేని ఇల్లు తక్కువ. కేబుల్ నెట్ కుర్రాళ్లు ఊరంతా బిగించిన రౌటర్ ఇదే. 8 నుంచి 12వ వర్షన్ దాకా అథెరోస్ వంశం చిప్, 4/32. 13వ వర్షన్‌లో మీడియాటెక్ ఎంటీ7628 పెట్టి 8/64 చేశారు. హమ్మయ్య అనుకునేలోపే 14వ వర్షన్ మళ్లీ 4/32. అంకె పెరిగింది కదా అని కొత్తది కొన్నవాడు నష్టపోయాడు, పాతది దులిపి తీసినవాడు కాస్త నయం. ఇది పట్టికలో లేదు, కానీ "ఇవి వద్దు" అనే రెండో పట్టికలో అన్నిటికన్నా పైన ఉంది. ఆ రెండో పట్టిక కూడా ఇవాళే మొదలైంది. నిజం చెప్పాలంటే జనానికి దాని ఉపయోగమే ఎక్కువ.

8వ రోజు, శనివారం

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సీటీసీకి వెళ్లాను. పట్టిక రాయాలంటే వస్తువు చేతిలో ఉండాలి, అన్నీ కొత్తవి కొనే స్తోమత లేదు, అంచేత సెకండ్ హ్యాండే శరణ్యం.

రెండో అంతస్తులో ఒక కొట్టతను రౌటర్లను అట్టపెట్టెలో వంకాయల్లా పోసి పెట్టాడు. నేను ఒక్కొక్కటీ తీసి బోర్లా తిప్పి ఫోన్ టార్చ్ వేసి చదువుతుంటే కాసేపు ఊరుకుని, "అన్నా, పైన చూడు, మంచిగుంది, నాలుగు ఆంటెనాలున్నయ్. కింద ఏం చూస్తున్నవ్?" అన్నాడు.

"వర్షన్ చూస్తున్నా అన్నా."

"అన్నీ ఒకటే అన్నా. వైఫై వస్తది."

ఒక ఆర్చర్ సీ6 దొరికింది, 2వ వర్షన్. ఇంకోటి దొరికింది, 3వ వర్షన్ వరస. పక్కపక్కన పెడితే కవల పిల్లలు. లోపల సంబంధమే లేదు. 2వ వర్షన్‌లో క్వాల్‌కమ్ క్యూసీఏ9563 చిప్, యూరప్ రకానికి ఫ్లాష్ 8 ఎంబీయే. 3వ వర్షన్‌లో మీడియాటెక్ ఎంటీ7621, ఫ్లాష్ 16, ర్యామ్ 128. ఒకటి గీతకి అవతల, ఒకటి ఇవతల. కొట్టతను రెండింటికీ ఒకే ధర చెప్పాడు. పాపం అతని లెక్కలో అవి ఒకటే మరి.

ఇవి రెండు, పేరు చెప్పనవసరం లేనివి ఇంకో మూడు, ఒక 8 పోర్టుల పాత స్విచ్ కొసరు. ఆ స్విచ్ ఎందుకు తీసుకున్నానో అప్పటికి నాకే తెలియదు.

9వ రోజు, ఆదివారం

ఆ మూడింటిలో ఒకదాని మీద స్టిక్కరు చూసి మురిసిపోయాను. 16/128 ఉండే వర్షన్. స్క్రూలు తీసి సీరియల్ పిన్నులు (రౌటర్ లేచేటప్పుడు చెప్పే మాటలు బయటికి వచ్చే చోటు) వెతికి, వాటిని లాప్‌టాప్‌కి కలపడానికి కోఠి గుజరాతీ గల్లీలో ఎప్పుడో కొన్న యూఎస్‌బీ-యూఏఆర్‌టీ ముక్క తగిలించాను. మూడు వైర్లే కలపాలి: గ్రౌండ్, పంపేది, అందుకునేది. నాలుగో పిన్ను కరెంటుది, దాని జోలికి పోకూడదు. ముక్క మీద జంపర్ 3.3 వోల్టుల దగ్గర ఉందో లేదో రెండుసార్లు చూసుకోవాలి. 5 దగ్గర ఉంచి తగిలిస్తే చిప్ కాలొచ్చు.

స్పీడు 115200 పెట్టి రౌటర్ ఆన్ చేశాను. రౌటర్‌ని లేపే బూట్‌లోడర్ మొదటి నాలుగు వరసల్లోనే నిజం కక్కేసింది. ర్యామ్ 64, ఫ్లాష్ 8.

స్టిక్కరు అబద్ధం చెప్పలేదు. స్టిక్కరున్న అడుగు డిప్ప ఇంకో రౌటర్‌ది. ఎవరో రిపేరు చేసేవాళ్లు రెండు చచ్చిన వాటిని కలిపి బతికున్నదాన్ని ఒకటి తయారు చేశారు. తప్పని అనలేను, ఆ పని నేనూ చేశాను. కానీ పట్టికలో ఇంకో వరస చేరింది: సెకండ్ హ్యాండ్ అయితే స్టిక్కరుతో ఆగొద్దు, కొట్లోనే ఆన్ చేయించి కంపెనీ ఫర్మ్‌వేర్ లాగిన్ పేజీలో హార్డ్‌వేర్ వర్షన్ చూడండి. రెండూ కలిస్తేనే డబ్బులివ్వండి.

12వ రోజు

వారం మధ్యలో సెలవు పెట్టి మరీ రికవరీ గురించి రాస్తున్నాను. ఇంట్లో దీనికి వేరే పేరు పెట్టారు, అది ఇక్కడ రాయలేను.

సిఫార్సు అంటే స్పెసిఫికేషన్లు కాదని నాకు ఇవాళ గట్టిగా అనిపించింది. ఫ్లాష్ చేస్తుండగా, అంటే ఫర్మ్‌వేర్ ఎక్కిస్తుండగా, ఏదో ఒకటి తప్పుతుంది. తప్పాక ఆ రౌటర్‌ని డిప్ప విప్పకుండా తిరిగి లేపగలమా? లేపలేకపోతే అది ఎంత గొప్ప చిప్ అయినా కొత్తవాళ్లకి చెప్పకూడదు. ఇటుకరాయి అయిపోయిన రౌటర్ పట్టుకుని "నువ్వు చెప్పావనే కొన్నా" అని ఫోన్ చేసేది మన మనుషులే కదా.

టీపీ-లింక్ మోడళ్లలో చాలావాటికి ఒక దారి ఉంది. లాప్‌టాప్‌కి 192.168.0.66 అనే అడ్రసు పెట్టి, ఫైళ్లు పంపే టీఎఫ్‌టీపీ సర్వర్ నడిపి, రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని రౌటర్ ఆన్ చేస్తే, అదే వచ్చి తనకు కావలసిన ఫైలు అడుగుతుంది. ఫైలు పేరు మోడల్‌ని బట్టి మారుతుంది, ఒక్క అక్షరం తేడా వచ్చినా తీసుకోదు. అంతా పుస్తకంలో ఉన్నట్టే చేశాను. పదకొండుసార్లు. రౌటర్ ఉలకదు పలకదు.

ఫైర్‌వాల్ ఆపాను. కేబుల్ మార్చాను. వేరే టీఎఫ్‌టీపీ ప్రోగ్రామ్ వేశాను. టెన్షన్‌తో రీసెట్ బటన్ మీద పిన్నీసు వంగిపోయింది. అప్పుడు కేబుల్‌లో పోయే డేటా చూపించే వైర్‌షార్క్ తెరిచి చూస్తే సంగతి తెలిసింది. రౌటర్ ఆన్ అయిన కొద్ది సెకన్లలోనే ఫైలు అడిగేసి ఊరుకుంటోంది. నా లాప్‌టాప్ ఈథర్‌నెట్ పోర్టేమో అవతల రౌటర్ లేచాకే తను లేచి, లింకు కుదుర్చుకుని, అడ్రసు పెట్టుకునే సరికి ఆ కాసేపూ గడిచిపోతోంది. అతిథి వచ్చి తలుపు తట్టి వెళ్లిపోయాక మనం చెప్పులు వెతుక్కున్నట్టు.

సీటీసీలో కొసరుగా వచ్చిన స్విచ్ ఇక్కడ పనికొచ్చింది. లాప్‌టాప్‌ని స్విచ్‌కి, స్విచ్‌ని రౌటర్‌కి కలిపితే, రౌటర్ ఆగినా లేచినా లాప్‌టాప్ లింకు మాత్రం పడే ఉంటుంది. పన్నెండోసారి ఫైలు సర్రున వెళ్లిపోయింది. ఇప్పుడు నా పేజీలో "కావలసిన సామాను" కింద రౌటర్ తర్వాత రెండో వస్తువు మామూలు స్విచ్. దీన్ని మొదటి వరసలోనే రాయని గైడ్లంటే ఇప్పుడు నాకు కోపం.

22వ రోజు, శనివారం

పేజీలో కొత్త గడి: అడాప్టర్ ఎన్ని వోల్టులు. ఇంగ్లిష్ పట్టికల్లో దీన్ని చివర ఎక్కడో పడేస్తారు. మనకి ముందుకు తేవాలి. ఎందుకంటే ఊళ్లలో రౌటర్ పక్కన చిన్న యూపీఎస్ పెట్టుకుంటారు, వాటిలో ఎక్కువ భాగం 12 వోల్టులవి. 841ఎన్ లాంటివి 9 వోల్టులవి. పిన్ను పట్టింది కదా అని తగిలించేస్తారు. అందుకని 12 వోల్టుల వాటికి నా పట్టికలో ఒక మార్కు ఎక్కువ. ఇంజనీర్లు నవ్వితే నవ్వనీ.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మా అత్తగారింట్లో పెట్టిన రౌటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్ వేసి, బయటికెళ్లే డేటా అంతా దాని గుండానే పోయేలా పెట్టాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నెట్ ఉండదు. రౌటర్ బాగానే లేచేది, లైట్లన్నీ పచ్చగానే ఉండేవి. కారణం గడియారం. ఇలాంటి రౌటర్లలో బ్యాటరీ గడియారం ఉండదు. లేవగానే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ తన సెట్టింగుల ఫైళ్లలో అన్నిటికన్నా తాజా ఫైలు తారీఖు చూసి అదే ఇవాళ అనుకుంటుంది. అంటే నేను ఆఖరుసారి సెట్టింగు మార్చిన రోజు. వైర్‌గార్డ్ సర్వరేమో పాత సమయం ముద్రతో వచ్చే పలకరింపుని ఒప్పుకోదు. సరైన సమయం తెచ్చుకుందామంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే సరైన సమయం కావాలి. పిచ్చి కుదిరితే పెళ్లి, పెళ్లయితే పిచ్చి కుదురుతుంది అన్నట్టుంది. టైమ్ సర్వర్‌కి వెళ్లే దారిని టన్నెల్ బయట నుంచి ఇచ్చాక సర్దుకుంది. అత్తగారు మాత్రం ఇప్పటికీ "ఆ డబ్బా నువ్వు ముట్టుకోకముందు బాగుండేది" అంటారు.

23వ రోజు, ఆదివారం

"ఇవి వద్దు" పట్టిక పెరిగింది. బ్రాడ్‌కామ్ వైఫై ఉన్నవన్నీ ఒకే వరసలో తోసేశాను. వాటి వైఫై డ్రైవర్లు మూసి ఉంచినవి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసినా వైఫై సరిగ్గా నడవదు, లేదా అసలు నడవదు. ఒక ఫ్రెండు ఖరీదైన గేమింగ్ రౌటర్ తెచ్చాడు, ఎరుపు లైట్లు, ఎనిమిది కొమ్ములు. దీనికి వేసిపెట్టరా అన్నాడు. చిప్ చూసి వద్దురా అంటే నమ్మలేదు. "ఇంత రేటు పెట్టానురా!" అన్నాడు. మన పనికి రేటు కొలత కాదని చెబితే చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

నెట్ కంపెనీ వాళ్లు ఇచ్చే ఫైబర్ డబ్బాలూ ఇదే కోవ. వాటి జోలికి పోకుండా, దాని వెనక మన రౌటర్ పెట్టుకోమనే రాశాను.

మీడియాటెక్‌కి మాత్రం మొహమాటం లేకుండా ఓటేశాను. వాటి వైఫై డ్రైవరు లినక్స్ కెర్నల్‌లోనే ఉంది, ఎంటీ7621 అయితే రెండు కోర్లు, 880 మెగాహెర్ట్జ్. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి, వీడియో కాల్ తెగకుండా చూసే ఎస్‌క్యూఎం పెట్టినా మా ఇంట్లో ఆయాసపడలేదు. ఇంకా వేగం ప్లాన్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి: ప్యాకెట్లను ప్రాసెసర్‌కి చెప్పకుండా దాటించే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్, ప్రతి ప్యాకెట్‌నీ వరసలో నిలబెట్టే ఎస్‌క్యూఎం, ఈ రెండూ ఒక ఒరలో ఇమడవు. వేగమూ ఎస్‌క్యూఎమ్మూ కావాలనుకునేవాళ్లు మీడియాటెక్‌దే ఇంకా జోరైన ఫిలాజిక్ వరస చిప్‌లున్నవి చూసుకోవాలి.

30వ రోజు

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ అనే రౌటర్‌ని పట్టికలో పెట్టాలా వద్దా అని ఇద్దరం వాదించుకున్నాం. నాతో పాటు పరీక్షలు చేస్తున్న కుర్రాడికి అదంటే ప్రాణం. కాదనడానికీ లేదు. ప్రాజెక్టు వాళ్లే బనానా పై కంపెనీతో చేయించి 2024 నవంబరులో విడుదల చేశారు. ఎంటీ7981 చిప్, 1 జీబీ ర్యామ్, 256 ఎంబీ న్యాండ్ ఫ్లాష్, అది చాలక విడిగా 16 ఎంబీ నార్ ఫ్లాష్. ఒక చిన్న స్విచ్ ఉంది. న్యాండ్ పాడైతే అది అటు జరిపి నార్ నుంచి బూట్ చేసి బాగుచేసుకోవచ్చు. పన్నెండుసార్లు పిన్నీసు నొక్కినవాడికి ఆ స్విచ్ ఎంత ముద్దొస్తుందో చెప్పలేను. సీరియల్ కన్సోల్‌కి డిప్ప విప్పక్కర్లేదు, యూఎస్‌బీ-సీ తీగ చాలు. గడియారం చిప్ (ఆర్‌టీసీ) కూడా ఉంది, నాణెం బ్యాటరీ పెట్టుకునే చోటుతో సహా.

"అన్నా, ఆర్‌టీసీ ఉందన్నా, మీ అత్తగారి ప్రాబ్లమే రాదు" అన్నాడు.

"ఆర్‌టీసీ అంటే బాబాయి బస్టాండుకి వెళతాడు. అక్కడ రౌటర్ దొరకదు, ఇక్కడ ఇదీ దొరకదు."

2024లో విడుదలైనప్పుడు ధర 89 డాలర్లు, కేసుతో కలిపి. బయటి నుంచి తెప్పించుకోవాలి, పైన సుంకం. నేను చేత్తో పట్టుకోనిది పట్టికలో పెట్టనని మొదటి రోజు పెట్టుకున్న నియమం. వాడు అలిగాడు. చివరికి పట్టిక కింద విడిగా ఒక పేరా ఇచ్చాను. అది కూడా వాడే రాశాడు, కాస్త భక్తి ఎక్కువైతే నేను తగ్గించాను.

35వ రోజు, శుక్రవారం

పేజీ అయిందనుకుని మా చెల్లెలికి ఇచ్చి, నన్నేమీ అడక్కుండా చదువుతూ ఫ్లాష్ చేయమన్నాను. నేను గదిలో కూర్చుని నోరు మూసుకోవాలి. బహుశా ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా కష్టమైన ముప్పావుగంట.

ఫ్లాష్ చేయడం దాకా బాగానే వచ్చింది. తర్వాత ఫోన్‌లో వైఫై పేరు కోసం పది నిమిషాలు వెతికి, "అన్నయ్యా, చచ్చిపోయింది" అంది. చావలేదు. కొత్తగా వేసినప్పుడు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో వైఫై ఆపేసి ఉంటుంది. కేబుల్ పెట్టి 192.168.1.1 తెరిచి, పాస్‌వర్డ్ పెట్టి, మనమే ఆన్ చేసుకోవాలి. ఇది నాకు ఎంత అలవాటంటే రాయాలనే తోచలేదు. ఇప్పుడు పేజీలో ఎర్ర డబ్బాలో ఉంది. దాని కిందే దేశం గడిలో ఇండియా ఎంచుకోవాలని కూడా చేర్చాను. 2018 అక్టోబరులో మన ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. దేశం పెట్టకపోతే రౌటర్‌కి ఆ సంగతి తెలియదు.

ఆమె ఇంకో మాట కూడా అంది. "సిస్టమ్ ప్రతిష్ఠాపన అని రాశావేంటి, గుడా?" నిజమే. "ఎక్కించడం" అని మార్చాను.

36వ రోజు, శనివారం

పది మోడళ్లతో మొదలైన పట్టికలో మూడు మిగిలాయి. "ఇవి వద్దు"లో పదిహేడు. పేజీ పెట్టేశాను. పరీక్షల్లో దొరికిన తప్పులు, అంటే ఒక మోడల్‌కి ఫ్లాష్ సైజు, ఇంకోదానికి రికవరీ ఫైలు పేరు, ప్రాజెక్టు వాళ్ల అసలు పట్టికలోనూ దిద్దాను.

సాయంత్రం బాబాయికి ఫోన్ చేశాను. "బాబాయ్, షాపుకెళ్లావా? మూడింట్లో ఏదైనా సరే. కానీ డబ్బులిచ్చే ముందు పెట్టె తెరిపించి, రౌటర్ తిరగేసి, అడుగున స్టిక్కరు మీద వర్షన్ అని ఉంటుంది, దాన్ని ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. నేను ఓకే అంటేనే కొను."

"సరేరా, ఆ మాత్రం తెలీదా."

అరగంటకి ఫోటో వచ్చింది. పెట్టె ముందు వైపు. నాలుగు ఆంటెనాలు, నవ్వుతున్న కుటుంబం. కింద మెసేజ్: "కొనేశా. బిల్లు కూడా ఉంది."